చుట్టాలొస్తే కైలాసగిరి: సీజన్లో విశాఖ కొండలు ఎలా ఉంటాయంటే

విశాఖలో సముద్రం తూర్పున ఉంది. అయిదో తరగతి పిల్లాడికి కూడా తెలిసిన సంగతే. అయినా డిసెంబరు సెలవుల్లో సాయంత్రం నాలుగింటికి కైలాసగిరి ఘాట్ రోడ్డు మీద బారులు తీరిన కార్లను చూస్తే, ఆ సంగతి ఒక్కరికీ గుర్తున్నట్టు అనిపించదు. అందరూ సూర్యాస్తమయం కోసమే బయల్దేరతారు. సూర్యుడేమో సముద్రాన్ని వెనకేసుకుని, డాల్ఫిన్స్ నోస్ కొండకి కుడిపక్కగా, ఊరి మేడల మీదుగా దిగిపోతాడు. అయిదున్నరకల్లా ఆట ముగిసినట్టే. అప్పటికి సగం మంది ఇంకా ఘాట్ రోడ్డు మలుపుల్లోనే ఉంటారు, హారన్లు కొట్టుకుంటూ.

సీజన్లో విశాఖ కొండలెక్కాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. పొద్దున్నే ఎక్కండి. పొద్దున లేవలేమంటే కైలాసగిరి మానేసి తొట్లకొండకి వెళ్ళండి. మిగతాదంతా దీనికి వివరణే.

నేను పుట్టింది హన్మకొండ, మెట్టింది విశాఖ. ఇల్లు పెదవాల్తేరులో. దసరా సెలవుల దగ్గర్నుంచి సంక్రాంతి దాకా మా ఇంట్లో చాపలు, దుప్పట్లు అటకెక్కవు. పుట్టింటివైపు వాళ్ళెవరికీ సముద్రం లేదు కాబట్టి, అందరికీ విశాఖలో ఒక ఇల్లు ఉందన్నమాట. అది మాది. ఈసారి చిన్నమ్మ, బాబాయి, వాళ్ళ కోడలు, ఎనిమిదేళ్ళ మనవడు వచ్చారు. చిన్నమ్మకి మోకాళ్ళ నొప్పులు, బాబాయికి లెక్కలు, కోడలికి రీల్స్, పిల్లాడికి రైలు. ఈ నలుగురినీ ఒకే కొండ మీద సంతోషపెట్టడం ఎంత కష్టమో చుట్టాలున్న ప్రతివాళ్ళకీ తెలుసు.

ముందు కైలాసగిరి. ఊరి వైపు నుంచి బీచ్ రోడ్డులో లాసన్స్ బే, అప్పూఘర్, జోడుగుళ్ళపాలెం దాటుకుంటూ వస్తే, సముద్రానికి ఆనుకుని నిటారుగా లేచిన కొండ. పైకి ఘాట్ రోడ్డు ఉంది, రోప్‌వే ఉంది, ఓపికుంటే మెట్లూ ఉన్నాయి. పైన 40 అడుగుల తెల్లటి శివపార్వతుల విగ్రహాలు, కొండ చుట్టూ తిరిగే చిన్న రైలు, టైటానిక్ వ్యూ పాయింట్ అని ఓడ ముక్కులా కట్టిన గట్టు. ఈ మధ్యే, 2025 డిసెంబరులో, గాజు వంతెన కూడా తెరిచారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ కొండ మీది చెట్లని ఊడ్చేసింది. అంతకుముందు చూసినవాళ్ళు ఇప్పటికీ "అప్పట్లో ఎంత నీడ ఉండేదో" అంటారు. మళ్ళీ పచ్చబడింది గానీ, మిట్టమధ్యాహ్నం వెళ్తే ఆ మాట నిజమేనని మాడు చెబుతుంది. నీడ చాలకపోవడం ఈ కొండకి పెద్ద లోటు.

మొదటిరోజు బాబాయి పట్టు పట్టారు. "గింత దూరమొచ్చి కొండెక్కకపోతే ఎట్లనే? పొద్దుగూకే టైముకే పోదాం." నేను తూర్పు, పడమర చెప్పి చూశాను. వినలేదు. సరేనని మూడున్నరకి ఆటో ఎక్కాం. ఆటో అతను మామూలు రోజు అడిగేదానికి రెట్టింపు అడిగాడు. సీజన్ కదమ్మా అన్నాడు. బాబాయి బేరమాడి ఇరవై రూపాయలు తగ్గించి, గెలిచినట్టు కూర్చున్నారు.

ఘాట్ మొదట్లోనే ఆగిపోయాం. ఒడిశా, బెంగాల్, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్ నంబరు ప్లేట్లు ఒకదాని వెనక ఒకటి. అరకు చూసి దిగిన టూరిస్టు బస్సులన్నీ సాయంత్రానికి ఇటే తిరుగుతాయి. ప్యాకేజీలో పొద్దున సింహాచలం, మధ్యాహ్నం కుర్సుర సబ్‌మెరైన్ మ్యూజియం, సాయంత్రం కైలాసగిరి అని రాసుంటుంది. ఎవరు రాశారో గానీ అందరి ప్యాకేజీల్లోనూ అదే వరస. అందుకే నాలుగింటి నుంచి ఆరింటి దాకా కొండ మీద కాలు పెట్టే చోటుండదు, పొద్దున తొమ్మిదింటికి వెళ్తే కుర్చీలు మనవే.

పైకి చేరేసరికి వెలుతురు ఎర్రబడింది. గట్టు రెయిలింగు దగ్గర మూడు వరసల్లో జనం. ముందు వరసవాళ్ళు సెల్ఫీ తీసుకుని కదలరు, రెండో వరసవాళ్ళు వాళ్ళ భుజాల మీంచి ఫోను చాపుతారు, మూడో వరసలో చిన్నమ్మలాంటివాళ్ళు. "ఏం కనవడ్తలేదు బిడ్డా, మందే కనవడ్తున్నరు" అంది. రైలుకి చాంతాడంత క్యూ. పిల్లాడు ఏడుపు. మెడలో కెమెరాలు వేసుకున్న కుర్రాళ్ళు "మేడం, అర నిమిషంలో ప్రింటు" అంటూ వెంటపడుతున్నారు. కోడలు మాత్రం ఎలాగో సందు చేసుకుని రీల్ తీసుకుంది. అందులో సముద్రం కంటే పక్కవాళ్ళ చిప్స్ ప్యాకెట్టే పెద్దగా పడింది.

అయితే సాయంత్రం కొండ మీద బాగుండేది ఒకటుంది, అది అన్యాయంగా వదిలెయ్యకూడదు. చీకటి పడ్డాక కింద బీచ్ రోడ్డు దీపాలు వంపు తిరుగుతూ ఫిషింగ్ హార్బరు దాకా వెలుగుతాయి. పోర్టులోకి వెళ్ళడానికి వంతు కోసం లంగరేసుకున్న ఓడలు సముద్రంలో దూరదూరంగా దీపాలు పెట్టుకుని నిలబడతాయి. సూర్యాస్తమయం కోసం వచ్చినవాళ్ళంతా ఆరింటికి తోసుకుంటూ దిగిపోతారు. సాయంత్రమే రాక తప్పకపోతే, ఆరింటి దాకా ఎక్కడో ఒకచోట కూర్చుని వేరుశెనక్కాయలు తిని, వాళ్ళు దిగాక గట్టు దగ్గరికి వెళ్ళండి. మేం అదే చేశాం. చిన్నమ్మ అప్పుడు చూసింది సముద్రాన్ని. ఓడల దీపాలు చూసి, అవి ఏ ఊళ్ళని అడిగింది.

రెండు రోజులాగి, ఈసారి నా మాట చెల్లింది. చీకటితో బయల్దేరదీశాను. డిసెంబరులో విశాఖలో ఆరున్నర ప్రాంతంలో పొద్దు పొడుస్తుంది. ఆ వేళకి రోప్‌వే ఉండదు, రైలూ ఉండదు, టీ దొరికితే అదృష్టం. ఘాట్ రోడ్డు మీద వాకింగ్ చేసేవాళ్ళు తప్ప ఎవరూ లేరు. మంకీ క్యాపులు, మఫ్లర్లు, రాజకీయాలు. సూర్యుడు నీళ్ళలోంచి లేచాడు, సరిగ్గా ఎదురుగా కాదు, కాస్త కుడివైపుగా. చలికాలం కదా, ఆగ్నేయానికి జరుగుతాడు.

ఫొటోల మీద ఆసక్తి ఉన్నవాళ్ళకి ఒక సంగతి చెప్పాలి. ఆ కొండ మీద చూడాల్సిన దిక్కులు రెండు. దక్షిణానికి తిరిగితే ఆర్కే బీచ్ ఒంపు మొత్తం, కొసన సముద్రంలోకి మూతి చాపుకుని పడుకున్న డాల్ఫిన్స్ నోస్. ఉత్తరానికి తిరిగితే సాగర్‌నగర్, రుషికొండ, భీమిలి వైపు తీరం. పొద్దున దక్షిణం బాగుంటుంది, ఎండ ఎడమచెంప మీద పడి ప్రతి మేడకీ, ప్రతి అలకీ నీడ తెస్తుంది. మధ్యాహ్నం మూడు దాటాక దక్షిణం చూస్తే కళ్ళలో ఎండ తప్ప ఏమీ మిగలదు. అప్పుడు వెనక్కి, రుషికొండ వైపు తిరగండి. ఎండ మన వీపు మీద ఉంటుంది, నీళ్ళు నీలంగా కనిపిస్తాయి. జనమంతా దక్షిణపు గట్టు మీదే పోగవుతారు కాబట్టి ఉత్తరం వైపు ఎప్పుడూ కాస్త పలచన. కోడలికి ఈ కిటుకు చెప్పాక నన్ను "వదినా" అనడం మానేసి "వదినగారూ" అంది.

పొద్దున్నే వెళ్ళడంలో ఒక ఇబ్బంది ఉంది, అదీ చెప్పేస్తాను. కొన్ని రోజులు మంచు, ఊరి పొగ కలిసి దక్షిణం వైపు అంతా బూడిదరంగులో ఉంటుంది, డాల్ఫిన్స్ నోస్ ఉందో లేదో కూడా తెలీదు. ఏడున్నర, ఎనిమిది దాకా ఆగితే విడుతుంది. కాబట్టి ఫ్లాస్కులో టీ, డబ్బాలో ఇడ్లీ పట్టుకెళ్ళండి.

గాజు వంతెన గురించి అందరూ అడుగుతున్నారు. కొండ అంచు నుంచి 50 మీటర్లు ముందుకు చొచ్చుకొచ్చిన వంతెన, రెండో కొస దేనికీ ఆనదు. కేరళ వాగమన్‌లో ఉన్నది 40 మీటర్లు, దానికంటే ఇది పొడవు. ఒకేసారి ఎక్కువమందిని వదలరు, అది మంచిదే. కాళ్ళ కింద పొదలు, ఎర్రటి రాళ్ళు, ఇంకా కిందికి చూస్తే రోడ్డు మీద బొమ్మకార్లు. పిల్లాడు చివరిదాకా పరిగెత్తాడు. బాబాయి మూడు అడుగులు వేసి, రెయిలింగు పట్టుకుని, "నేను ఇక్కడి నుంచే చూస్త, మంచిగనే కనవడ్తుంది" అన్నారు. టికెట్టు డబ్బులకి తగ్గట్టు ఉందా అంటే, సీజన్లో సాయంత్రం క్యూలో నిలబడి వెళ్ళేంత కాదని నా అభిప్రాయం. తెరిచీ తెరవగానే వెళ్తే బాగుంటుంది. ఎత్తంటే కళ్ళు తిరిగేవాళ్ళని బలవంతపెట్టి తీసుకెళ్ళకండి. మధ్యలో కూర్చుండిపోయిన ఒకావిడని వాళ్ళాయన, కొడుకు చెరోచెయ్యీ పట్టుకుని వెనక్కి తెచ్చారు. ఆవిడ తిట్లు కింద తెన్నేటి పార్కు దాకా వినిపించి ఉంటాయి.

తెన్నేటి పార్కు అన్నాను కదా. తెన్నేటి విశ్వనాథం గారి పేరు పెట్టిన ఈ పార్కు కైలాసగిరి కాలి దగ్గరే, బీచ్ రోడ్డుకి అటుపక్కన. కొండెక్కలేని చిన్నమ్మలకి ఇదే సరైన చోటు. రోడ్డు మట్టానికే ఉంటుంది, కూర్చోడానికి గట్లుంటాయి, కింద రాళ్ళ మీద అలలు పగులుతుంటాయి. 2020 అక్టోబరులో వాయుగుండానికి లంగరు తెగి కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ, ఎం.వి. మా, ఇక్కడే ఒడ్డున పడింది. దాన్ని చూడ్డానికి అప్పట్లో ఊరు ఊరంతా వచ్చింది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పార్కు గట్టు దిగి రాళ్ళ మీదికి వెళ్ళకండి. ఈ కొండలన్నీ ఖొండలైట్ రాయి. తూర్పు కనుమల్లోని ఖోండు గిరిజనుల పేరు మీద దానికి ఆ పేరొచ్చింది. ఎర్రగా, గట్టిగానే కనిపిస్తుంది గానీ ఎండకీ వానకీ పొరలుపొరలుగా లేస్తుంది. చేత్తో గిల్లితే ఊడొచ్చే చోట్లున్నాయి. దాని మీద అల తడి, నాచు. కాలు జారితే పట్టుకోడానికి ఏమీ ఉండదు. ఈ తీరంలో లోతు హఠాత్తుగా వస్తుంది, లోపలికి లాగే ప్రవాహాలూ ఎక్కువే. మేం వెళ్ళిన రోజు చెప్పులు చేత పట్టుకుని కుర్రాళ్ళు ఒక్కో అలకీ ఒక్కో రాయి ముందుకి జరుగుతున్నారు. ఫోను పట్టుకున్నవాడు "ఇంకొంచెం వెనక్కి, ఇంకొంచెం" అంటున్నాడు. చిన్నమ్మ గట్టు మీంచి వాళ్ళమ్మలా అరిచింది. ఊరు కాని ఊళ్ళో, ముక్కూ మొహం తెలియనివాళ్ళని. అరిచినందుకు వచ్చారు, నిజం చెప్పాలంటే.

ఇక తొట్లకొండ. నా ఓటు దీనికే. ఊరి నుంచి భీమిలి రోడ్డులో 15 కిలోమీటర్ల పైచిలుకు, మంగమారిపేట దగ్గర. సముద్రమట్టానికి 128 మీటర్ల ఎత్తు. నేవీ వాళ్ళ సర్వేలో 1976లో బయటపడ్డ బౌద్ధ క్షేత్రం. తర్వాత 1988 నుంచి 1992 దాకా రాష్ట్ర పురావస్తు శాఖ తవ్వించింది. రాతిలో తొలిచిన నీటి తొట్లే కొండకి పేరు తెచ్చాయి. రెండు వేల ఏళ్ళ కిందట ఇక్కడ భిక్షువులుండేవారు. తవ్వకాల్లో శాతవాహనుల నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలూ దొరికాయి. అంటే కింద కనిపించే ఈ సముద్రం మీద అప్పుడూ ఓడలు తిరిగాయన్నమాట.

సీజన్లో కూడా ఇక్కడ సందడి తక్కువే. కార్తీక మాసంలో వనభోజనాల వాళ్ళు వస్తారు, అప్పుడు ఆదివారాలు మానుకుంటే సరి. డిసెంబరు చివర్లో మేం మధ్యాహ్నం వెళ్తే ఒక స్కూలు బస్సు, రెండు మూడు జంటలు, మేము. ఇటుక పునాదులు చతురస్రాలుగా, ఒక్కోటీ ఒక్కో భిక్షువు గది. బాబాయి ఒకదాంట్లో నిలబడి అడుగులతో కొలిచి, "మన హన్మకొండ అద్దె రూము గింతనే" అన్నారు. పిల్లాడు తొట్టి అంచున బోర్లా పడుకుని లోపలికి చూశాడు. అడుగున కాసిన్ని పచ్చటి నీళ్ళు, ఒక కప్ప. వాడికి ఆ రోజుకి రైలు గుర్తుకి రాలేదు. వాలు అంచుకి వెళ్తే కింద మంగమారిపేట పడవలు ఇసుక మీదికి లాగి పెట్టి ఉంటాయి, ఎండ మన వెనక నుంచి పడుతుంది కాబట్టి సాయంత్రం దాకా సముద్రం నీలంగానే కనిపిస్తుంది. తోసేవాళ్ళు లేరు, ప్రింటు తీస్తామనేవాళ్ళు లేరు. గాలి మాత్రం విపరీతం, కోడలి చున్నీ ఎగిరిపోయి తుమ్మకంపకి చిక్కుకుంది.

లోపాలా? ఉన్నాయి. తినడానికి ఏమీ దొరకదు, నీళ్ళు మనమే తీసుకెళ్ళాలి. నీడ ఇక్కడా అంతంతే. ఏ కట్టడం ఏమిటో చెప్పేవాళ్ళుండరు, బోర్డులు చదువుకోవడమే. చీకటి పడేలోపు దిగిపోవాలి. బస్సు కింద రోడ్డు దాకానే వస్తుంది, అక్కణ్ణుంచి పైకి ఎక్కుడు. మోకాళ్ళ నొప్పులుంటే కారో ఆటోనో పైదాకా మాట్లాడుకోండి, దిగేటప్పటికి ఆగేలా కూడా. కొండ దిగాక సముద్రపు ఒడ్డున సహజంగా ఏర్పడ్డ రాతి తోరణం ఉంది, అలలు తొలిచి చేసింది. చూడండి, కానీ దాని మీద ఎక్కకండి.

డాల్ఫిన్స్ నోస్ గురించి పెద్దగా చెప్పను. నేవీ ప్రాంతం కాబట్టి ఎక్కడంటే అక్కడ ఆగనివ్వరు, లైట్‌హౌస్‌కి వేళలు ముందే కనుక్కుని వెళ్ళాలి. ఆ పక్కనే యారాడ బీచికి వెళ్ళే ఘాట్ మలుపులో కనిపించే తీరం మాత్రం కొబ్బరితోటలతో చాలా అందంగా ఉంటుంది. పిల్లాజెల్లాతో సీజన్లో అటు వెళ్ళిరావాలంటే పూట మొత్తం పోతుంది, అందుకని చుట్టాల జాబితాలో నేను దాన్ని పెట్టను.

ఏ రోజులు వెళ్ళకూడదో కూడా చెప్పేస్తాను. డిసెంబరు 31 సాయంత్రం బీచ్ రోడ్డులో పోలీసు ఆంక్షలుంటాయి, జనవరి 1న ఊరంతా కొండ మీదే ఉంటుంది. ఇక సంక్రాంతి. కనుమ నాడు కాకి కూడా కదలదంటారు. కాకి సంగతేమో గానీ, ఆ రోజు కైలాసగిరి ఘాట్‌లో కారు కదలదు.

తిండి మాటకొస్తే, కొండ మీద కొనకండి. రేటు ఎక్కువ, రుచి తక్కువ. దిగొచ్చి అప్పూఘర్ దగ్గర మురీ మిక్చర్ తినండి. మురీలంటే మరమరాలే. ఉల్లిపాయ, టమాటా సన్నగా తరిగి, మురీలూ కారప్పూసా వేసి, నిమ్మకాయ పిండి, గిన్నెలో గరిటతో టకటకా కలిపి కాగితం పొట్లంలో పోస్తాడు. కలిపిన రెండు నిమిషాల్లో తినాలి, మెత్తబడితే లాభం లేదు. బాబాయి రెండో పొట్లానికి బేరమాడలేదు.

బస్సుల సంగతి. కైలాసగిరికి 10కే, భీమిలి వైపు వెళ్ళడానికి 900కె. ఆంధ్రా చిరునామాతో ఆధార్ కార్డున్న ఆడవాళ్ళకి 2025 ఆగస్టు 15 నుంచి సిటీ బస్సు ఉచితం. చిన్నమ్మ తెలంగాణ కార్డు చూపించి టికెట్టు కొనుక్కోవాల్సి వచ్చినందుకు రోజంతా గునిసింది. 900కెలో వెళ్ళేటప్పుడు కుడివైపు, తిరిగొచ్చేటప్పుడు ఎడమవైపు కూర్చోండి. రుషికొండ దాటాక సముద్రం ఆ కిటికీల్లోనే కనిపిస్తుంది.